నీళ్ల చట్టి తీయొద్దండి

ఈ పేజీలో ఇంతవరకూ పింఛను కాగితాల గురించి రాసినాను, మోకాళ్ళ నొప్పుల గురించి రాసినాను, చీటీలు కట్టేటప్పుడు చూసుకోవాల్సిన సంగతులు రాసినాను. ఈ నెల కుక్క గురించి రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మన లైను ఇళ్ళలో ప్రతి వరసకూ ఒకటో రెండో కుక్కలు ఉన్నాయి. మనతోబాటే అవీ ముసలివైపోతా ఉన్నాయి. మనిషికి జబ్బు చేస్తే పది మంది పది మాటలు చెప్తారు. కుక్కకు చేస్తే చెప్పే దిక్కు లేదు. పోయిన వానాకాలంలో మా వరసలోనే రెండు ముసలి కుక్కల్ని గోనెసంచిలో కట్టి, బండి మీద పెట్టుకొని పోయి పాలారు అవతల వదిలేసి వచ్చినారు. వదిలినవాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. ఏం చేయాలో తోచక చేసిన పని అది. మా ఇంట్లో ఎనిమిది నెలలు ఒక జబ్బు కుక్కను సాకినాం కాబట్టి, మాకు తెలిసింది మీకు చెప్తాను.

మా కుక్క పేరు మణి. నాటు కుక్క, ఎర్రది, ఎడమ చెవి సగం తెగిపోయి ఉంటుంది. మిల్లు సైకిల్ షెడ్డులో పుట్టింది. నేను రింగ్ ఫ్రేము మీద పనిచేసే రోజుల్లో, రాత్రి షిఫ్టుకు పోతే నా వెనకే గేటు దాకా వచ్చేది. పొద్దున కూత వినబడగానే మళ్ళీ గేటు దగ్గర కూర్చొని ఉండేది. నేను పని మానుకొని ఇంట్లో కూర్చున్నాక కూడా కూతకు లేచి గేటు దాకా పోయి చూసి వచ్చేది. ఎవరి కోసం చూసేదో మరి. జబ్బు చేసేటప్పటికి దానికి 13 ఏళ్ళు. ఆ సైజు కుక్కకు 13 అంటే మనిషికి డెబ్బై దాటినట్టని డాక్టరమ్మ చెప్పింది. అంటే నాకంటే పెద్దది.

జబ్బును మొదట కనిపెట్టింది మా ఇంటామె. ఇంటి ముందర మణికి ఒక మట్టి చట్టి ఉంది. పొద్దున నింపితే సాయంత్రం దాకా సరిపోయేది. ఆవణి నెలలో మధ్యాహ్నానికే ఖాళీ అవుతా వచ్చింది. "ఎండ తగ్గినా వీడు ఇన్ని నీళ్ళు తాగుతున్నాడేంది?" అని ఆమె అన్నది. రెండు వారాలకు రాత్రిపూట ఇంట్లోనే ఉచ్చ పోయడం మొదలైంది. పుట్టి బుద్ధి ఎరిగినాక అది ఎన్నడూ ఇంట్లో పోసింది లేదు. నెలకు వెన్నెముక తేలింది. నోటి దగ్గర ముఖం పెడితే బస్టాండు మూత్రశాల వాసన. అన్నం చూసి దగ్గరికి వచ్చేది, వాసన చూసి వెనక్కు పోయేది.

గుడియాత్తం నుంచి వేలూరుకు లుంగీ మూటలు తీసుకుపోయే మినీ ఆటో ఒకటి మా వీధిలో ఉంది. దాంట్లో మూటల మధ్య కూర్చోబెట్టుకొని వేలూరు పశువుల ఆస్పత్రికి తీసుకుపోయినాను. అక్కడ డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. దాని చర్మం లాగి చూసింది, నోరు తెరిచి చూసింది, రక్తం తీసి పరీక్షకు రాసింది. క్రియాటినిన్ అనేది ఉంటుంది, మనుషుల రక్త పరీక్షలో కూడా చూస్తారు. కుక్కకు సుమారు 1.5 లోపల ఉండాలి. మణికి 3.9 ఉంది. కిడ్నీలు పాడైనాయి, బాగుచేసే మందు లేదు, కానీ బాగా చూసుకుంటే కొన్నాళ్ళు సుఖంగా ఉంటుంది అని తమిళంలో నిదానంగా చెప్పింది.

మొన్నటి దాకా గేటుకు పోయి వచ్చిన కుక్కకు ఇంత జబ్బు ఎట్లా వచ్చిందని అడిగినాను. ఆమె చెప్పింది నాకు మన మిల్లు లెక్కలో అర్థమైంది. ఒక షెడ్డులో నాలుగు ఫ్రేములు ఉన్నాయనుకోండి. ఒకటి ఆగిపోతే మిగతా మూడింటి మీద పని పెంచి ఎట్లో నూలు లెక్క చూపిస్తాం. రెండోది ఆగినా గుంజుకొస్తాం. మూడోది కూడా ఆగినప్పుడే ఆఫీసు బోర్డు మీద లెక్క పడిపోతుంది. రక్తపరీక్ష ఆ బోర్డు లాంటిది. కిడ్నీల్లో నాలుగింట మూడు వంతులు పని మానేసినాకనే అంకె పైకి లేస్తుందంట. దానికి ముందే తెలియాలంటే మూత్రం పరీక్ష చేయించాలి, మూత్రం నీళ్ళలాగా పలచబడిపోతుంది. అందుకని మీ కుక్కకు ఎనిమిది, తొమ్మిదేళ్ళు దాటినాయంటే చట్టి మీద ఒక కన్నేసి ఉంచండి.

ఇప్పుడు అసలు మాట. కుక్క నీళ్ళు ఎక్కువ తాగుతోంది కాబట్టి ఇంట్లో పోస్తోందని మనం అనుకుంటాం. రాత్రి చట్టి తీసేస్తే పొద్దునకు ఇల్లు ఆరిపోయి ఉంటుందని లెక్క వేస్తాం. జరిగేది తలకిందులు. పాడైన కిడ్నీ నీళ్ళను పట్టి ఉంచలేదు. అందుకే అవి బయటికి పోతాయి, అందుకే దానికి దప్పిక. పోయిన నీళ్ళనే అది తిరిగి తాగుతుంది. చట్టి తీసేస్తే పోయడం ఆగదు, ఒంట్లో నీళ్ళు మాత్రం ఎండిపోతాయి. మా వెనక వరసలో ఒక ఇంట్లో ఇట్లాగే రాత్రిళ్ళు చట్టి తీసేసినారు. మూడో రోజుకు ఆ కుక్క లేవలేకపోయింది. కాబట్టి ఇల్లు తడిసినా సరే, చట్టి తీయొద్దండి. ఇంకొకటి పెట్టండి. మేము వాకిట్లో ఒకటి, పొయ్యి గది గడప దగ్గర ఒకటి, మంచం కింద ఒకటి పెట్టినాం.

ఎక్కువ నీళ్ళు తాగే ప్రతి కుక్కకూ కిడ్నీ జబ్బే అని కూడా అనుకోవద్దు. చక్కెర జబ్బు కుక్కలకూ వస్తుంది. ఆడకుక్క అయితే ఇంకో సంగతి ఉంది. ఎదకు వచ్చి పోయిన రెండు నెలల లోపల నలతగా ఉండి, నీళ్ళు ఎక్కువ తాగుతా, తిండి మానేస్తే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు. అది రేపు చూద్దాంలే అనుకునే జబ్బు కాదు. ఆ రోజే ఆస్పత్రికి పోవాలి.

తడి సంగతికి మేము చేసిన ఏర్పాటు ఇది. కింద ప్లాస్టిక్ పట్ట, దాని మీద గోనెసంచి, సంచి మీద పాత లుంగీ రెండు మడతలు. గుడియాత్తంలో పాత లుంగీకి కరువా? సంచికీ లుంగీకీ మధ్య వేస్టు దూది పరిస్తే తడి కిందికి లాగేసుకుంటుంది, కుక్క ఒళ్ళు ఆరి ఉంటుంది. కానీ మిషన్లు తుడిచిన నూనె దూది వాడొద్దు, కుక్క నాకుతుంది. లుంగీ ప్రతి పొద్దునా సబ్బుతో ఉతికి ఎండలో వేయాలి. తడి మీద పడుకున్న ముసలి కుక్కకు తొడల దగ్గర పుండ్లు పడతాయి. ఈగలు వాలితే పురుగులు పడతాయి. ఆ బాధ కిడ్నీ బాధ కంటే చెడ్డది.

తిండి దగ్గర మా ఇంటామెకూ నాకూ నెల రోజులు తగువు. మణి మా ఇంట్లో అన్నంలో చేపల పులుసు, ఆదివారం ఎముకలు, ఎండు చేప తలలు తిని పెరిగింది. డాక్టరమ్మ అన్నీ వద్దన్నది. ఎముకల్లో, కార్జంలో, ఎండు చేపలో, పాలలో భాస్వరం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, అది రక్తంలో పేరుకొని ఇంకా చెరుపు చేస్తుంది. ఉప్పు కూడా తగ్గించాలి. అట్లాగని ఉత్త అన్నం పెడితే కండ కరిగిపోతుంది. చివరికి కుదిరింది ఏమిటంటే, మెత్తగా ఉడికించిన అన్నం, గుడ్డులో తెల్లసొన, ఎముక లేని కోడికూర కొంచెం, ఉడికిన గుమ్మడికాయ, ఒక చుక్క నూనె. రోజుకు రెండుసార్లు పెట్టేది నాలుగుసార్లు చేసి కొంచెం కొంచెంగా గోరువెచ్చగా పెడితే తినేది. కిడ్నీ జబ్బు కుక్కలకని వేలూరు అంగళ్ళలో వేరే తిండి సంచులు అమ్ముతారు. ధర విని వచ్చేసినాను. పచ్చసొనలు వృథా కాలేదు, మా మనవడు తిన్నాడు.

జబ్బున్నా లేకున్నా అందరూ గుర్తు పెట్టుకోవాల్సింది ఇంకొకటి. ద్రాక్షపళ్ళు, పాయసంలో వేసే ఎండు ద్రాక్ష కుక్క కిడ్నీకి విషం. ఉల్లిపాయ, తెల్లగడ్డ రక్తాన్ని చెరుపుతాయి. పండగపూట పిల్లలు ముద్దుగా పెడతారు, చెప్పి ఉంచండి.

మాత్రల సంగతి. ముసలి కుక్క కుంటుతుంటే మనం చేసే మొదటి పని, ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర సగం తుంచి అన్నంలో పెట్టడం. చేయొద్దండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్క పొట్టను చిల్లులు పడేట్టు చేస్తాయి, కిడ్నీని ఆర్పేస్తాయి. జ్వరం మాత్ర కూడా మన ఇష్టానికి ఇవ్వకూడదు. మా చిన్నప్పుడు చచ్చిన ఎద్దును ఊరి బయట వేస్తే ఎక్కడెక్కడి రాబందులో వచ్చి వాలేవి. ఇప్పుడు మీ పిల్లలు ఎవరైనా రాబందును చూసినారా? పశువులకు వేసిన డైక్లోఫెనాక్ సూది మందు ఆ కళేబరాల్లో ఉండిపోయి, వాటిని తిన్న రాబందుల కిడ్నీలు చెడిపోయినాయి. వీపు మీద తెల్లగా ఉండే జాతిలో నూటికి తొంభై తొమ్మిది పైగా చచ్చిపోయినాయి. కారణం 2004లో బయటపడింది. 2006లో పశువులకు ఆ మందు వాడకూడదని మన దేశంలో నిషేధం వచ్చింది. మన మోకాలి నొప్పికి రాసే మాత్రలోనూ ఉండేది ఆ మందే. పక్షికి అంత చేసింది కుక్కకు ఏమీ చేయదని అనుకోవద్దు.

మణికి డాక్టరమ్మ రాసింది వాంతి ఆపే మాత్ర, భాస్వరాన్ని పేగులోనే పట్టేసే పొడి, రక్తపోటుకు ఒక చిన్న మాత్ర. కిడ్నీ జబ్బు కుక్కలకు రక్తపోటు పెరిగి ఒక్కసారిగా కళ్ళు పోవడం కూడా ఉందంట. వీటితోబాటు నీళ్ళ సూది. ఇది చెప్తే చాలామంది నమ్మలేదు కాబట్టి వివరంగా రాస్తాను.

మనుషులకు ఎక్కించే సెలైన్ లాంటి సీసానే. నరంలోకి కాదు, చర్మం కిందికి ఎక్కిస్తారు. కుక్కకు భుజాల మధ్య చర్మం వదులుగా ఉంటుంది. దాన్ని రెండు వేళ్ళతో గుడారంలాగా పైకెత్తి, ఆ గుడారం లోపలికి సూది పోనిచ్చి, సీసాను పైన మేకుకు తగిలిస్తే నీళ్ళు వాటంతట అవే దిగుతాయి. మణికి రాసిన లెక్క ఒకసారికి 200 మిల్లీలీటర్లు. మీ కుక్కకు ఎంత, వారానికి ఎన్నిసార్లు అనేది దాని బరువు, గుండె చూసి డాక్టరే చెప్పాలి. గుండె జబ్బు ఉన్నదానికి ఎక్కువ ఎక్కిస్తే ఆయాసం వస్తుంది. ఎక్కించిన చోట కోడిగుడ్డు కంటే పెద్ద బుడుపు లేస్తుంది. అది మెల్లగా ముందరి కాలి దాకా జారి, కొన్ని గంటల్లో ఒంట్లో కలిసిపోతుంది. మొదటిసారి ఆ బుడుపు చూసి మా కోడలు కేక పెట్టింది.

ఆస్పత్రిలో రెండుసార్లు నా చేతనే వేయించి నేర్పినారు. ముప్పై ఏళ్ళు తెగిన పోగులు అతికించిన వేళ్ళకు సూది పట్టుకోవడం కష్టం కాలేదు. కష్టమల్లా అది నా కళ్ళలోకి చూడటమే. సీసాను ముందుగా గోరువెచ్చని నీళ్ళలో పెట్టి చలి విరగ్గొడితే కుక్క ఉలిక్కిపడదు. సూది ప్రతిసారీ కొత్తది వాడాలి. వాడిన సూదులు మూత ఉన్న డబ్బాలో వేసి ఆస్పత్రిలో తిరిగి ఇచ్చేయాలి, చెత్తలో వేస్తే ఏరుకునేవాళ్ళ చేతులకు గుచ్చుకుంటాయి. మొదట్లో వారానికి రెండుసార్లు, చివర్లో రోజు మార్చి రోజు ఎక్కించినాం. నాలుగో వారానికి మణి మళ్ళీ తోక ఊపింది. కూతకు గేటు దాకా పోయింది.

ఖర్చు అడుగుతారు కదా. రక్త పరీక్షలు, సీసాలు, మాత్రలు అన్నీ కలిపి ఎనిమిది నెలలకు పదివేలకు కొంచెం అటూ ఇటూ. మనకు ఇది చిన్న మొత్తం కాదు. మన పింఛను కనీసం నెలకు వెయ్యి అని 2014లో పెట్టినారు, ఆ అంకె అక్కడే కూర్చొని ఉంది. నాకు దానికి కొంచెం పైన వస్తుంది. మిగతాది మా ఇంటామె బీడీలు చుట్టిన డబ్బు. మా పెద్దోడు ఆంబూరులో చెప్పుల కంపెనీలో ఉన్నాడు. ఫోన్ చేసి, "నాయినా, ఆ డబ్బుతో నీ దగ్గుకు మందు తీసుకోరాదా?" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. దూది దుమ్ము నా ఛాతీలో కూడా ఉంది. ఇంట్లో పిల్లల ఫీజు ఆపి కుక్కకు సూదులు వేయించమని నేను ఎవరికీ చెప్పను. డబ్బు లేకపోతే సీసా వద్దు. నీళ్ళు, పొడి గుడ్డ, ఉప్పు లేని మెత్తటి అన్నం, నీడ చాలు. వీటికి పదివేలు అక్కరలేదు. సీసా లేకుండా కూడా కొన్ని కుక్కలు నెలల తరబడి బాగా ఉంటాయని డాక్టరమ్మే చెప్పింది.

మాసి నెలలో ఒక గండం వచ్చింది. కిడ్నీ విషం ఎక్కువై మణికి నోట్లో పుండ్లు లేచి చొల్లు కారడం మొదలైంది. నడకలో తూలు. లైనులో ఒక ఆమె చూసి పిల్లల్ని లోపలికి లాగేసింది. సాయంత్రానికి నలుగురు మగవాళ్ళు వచ్చినారు, ఒకడి చేతిలో కర్ర. "మామా, పిచ్చి పట్టింది, దాన్ని వదిలేదానికి లేదు" అన్నాడు. నాకు కోపం రాలేదు. ఇరుకు లైను, పసిపిల్లలు, వాళ్ళ భయం వాళ్ళది. మణికి ఏటేటా పిచ్చికుక్క టీకా వేయించిన కార్డు తెచ్చి చూపించినాను. ఇంకో మాట కూడా చెప్పినాను. పిచ్చి పట్టిన కుక్క జబ్బు బయటపడినాక పది రోజులు బతకదు. ఇది ఆరు నెలలుగా జబ్బుతో ఉంది. "అయినా మీకు నమ్మకం కోసం పది రోజులు లోపల కట్టేస్తాను, నేనొక్కణ్ణే అన్నం పెడతాను, మీరే లెక్క పెట్టండి" అన్నాను. నిజంగానే లెక్క పెట్టినారు. పదకొండో రోజు కర్ర తెచ్చినవాడే వచ్చి గుడ్లు రెండు ఇచ్చి పోయినాడు.

ముసలి కుక్కకు ఇంక టీకా ఎందుకని మానేయొద్దు. అట్లా మానేసి ఉంటే ఆ రోజు నా చేతిలో చూపించడానికి ఏమీ ఉండేది కాదు. నొప్పితో ఉన్న కుక్క పెంచినవాణ్ణి కూడా కరుస్తుంది. ఏ కుక్క కరిచినా, కార్డు ఉన్నా లేకున్నా, పారే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట కడిగి ప్రభుత్వ ఆస్పత్రికి పోండి, అక్కడ సూది ఉచితం. పసుపు, సున్నం, కాఫీపొడి పెట్టి కట్టు కట్టొద్దు.

ఎలుక జ్వరం గురించి కూడా రెండు మాటలు. 2021 నవంబరులో కౌండిన్య నదికి వరద వచ్చి గుడియాత్తంలో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినాయి కదా. అట్లాంటి నీళ్ళలో ఎలుక ఉచ్చ కలిసి ఉంటుంది. దాంట్లో తిరిగిన కుక్కకు ఆ జబ్బు పట్టి కిడ్నీలు చెడిపోవచ్చు. ఆ కుక్క మూత్రం నుంచి మనకూ పాకుతుంది. మణికి అది కాదని డాక్టరమ్మ చెప్పింది. అయినా తడిగుడ్డలు ఎత్తినాక చేతులు సబ్బుతో కడగాలి, చేతి మీద గాయం ఉంటే కవరు తొడుక్కోవాలి. దీనికీ ఏటేటా వేసే టీకా ఉంది.

పాలారు అవతల వదిలిపెట్టే పని గురించి. "ఎక్కడో బతుకుతుందిలే" అంటారు. వీధిలో పుట్టి వీధిలో తిరిగే కుక్క వేరు, దానికి దాని జాగా తెలుసు. 13 ఏళ్ళు ఒక గడప దగ్గర పడుకున్నదాన్ని, కళ్ళు సరిగా కనబడనిదాన్ని, వేరే కుక్కల జాగాలో దించితే అవి దాన్ని ఉంచవు. కిడ్నీ జబ్బుదైతే దప్పికతోనే పోతుంది. చట్టం కూడా ఒప్పుకోదు. ఆకలికో దప్పికకో గురయ్యేట్టు జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస చట్టం ప్రకారం నేరం. జరిమానా మొదటిసారికి పది రూపాయల నుంచి యాభై రూపాయలు. అరవై ఏళ్ళ కింద పెట్టిన అంకె, ఇప్పటికీ మారలేదు. ఇద్దరు టీ, బజ్జీ తింటే అంతకంటే ఎక్కువ అవుతుంది.

మన వైపు ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం ఆడతారు, మీరందరూ చూసినవాళ్ళే. దుర్యోధనుణ్ణి పడగొట్టి, నిప్పులు తొక్కి, దాంతో ముగించేస్తారు. కుక్క వచ్చే కథ ఇంకా తర్వాత ఉంది. తమ్ముళ్ళూ ద్రౌపదీ ఒక్కొక్కరే పడిపోయినాక, ధర్మరాజు వెంట చివరి దాకా నడిచింది కుక్క ఒకటే. దాన్ని వదిలేస్తేనే స్వర్గానికి రథం ఎక్కిస్తానని ఇంద్రుడు అన్నాడు. నన్ను నమ్మి వచ్చినదాన్ని వదలనని ధర్మరాజు రథం ఎక్కలేదు. ఆడేవాళ్ళు ఒక్క రాత్రి పెంచి ఆ కథ కూడా ఆడితే బాగుండునని నాకు ఎప్పటినుంచో ఉంది. పిల్లలు చూస్తారు.

చివరి రోజుల గురించి రాయాలా వద్దా అని ఆలోచించినాను. రాస్తాను, ఎందుకంటే అక్కడే మనం ఎక్కువ తికమక పడతాం.

బాగుకాని జబ్బులో, నొప్పి పట్టరానప్పుడు, డాక్టరు సూది వేసి నిద్రపుచ్చి ప్రాణం పోగొట్టే పద్ధతి ఉంది. ముందు మత్తు ఇస్తారు, తర్వాత మత్తు మందే ఎక్కువ మోతాదులో ఇస్తారు. గుండె ఆగిపోతుంది, కుక్కకు తెలియదు. ఈ మాట డాక్టరమ్మ కార్తీక మాసంలోనే నా చెవిన వేసింది. ఇంట్లో చెప్తే మా ఇంటామె బీడీల చాట పక్కన పెట్టి, "ముసలితనం వస్తే నీకూ నాకూ కూడా సూదేనా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు. మనిషి నోరు తెరిచి తన మాట తాను చెప్పుకుంటాడు, కుక్క చెప్పుకోలేదు, దాని తరఫున ఎవరో ఒకరు చూసి చెప్పాలి. నాకు తోచింది అంతే.

డాక్టరమ్మ ఒక ఉపాయం చెప్పింది. గోడ మీద క్యాలెండరులో ప్రతి రాత్రీ ఒక గుర్తు పెట్టమన్నది. ఆ రోజు తానుగా తిన్నదా, తానుగా లేచిందా, మనల్ని చూసి తోక ఊపిందా. మూడింట్లో రెండు ఉంటే గీత, లేకపోతే ఇంటూ. మార్గశిరం, పుష్యం అంతా గీతలే. మాసిలో కలిసి ఉన్నాయి. చిత్తిర ఎండల్లో ఇంటూలు ఎక్కువైనాయి. వేలూరు అగ్ని నక్షత్రం ఎండ సంగతి మీకు తెలుసు, బాగున్నవాళ్ళమే వాడిపోతాం. "గంగమ్మ పండగ పోనీ" అన్నది మా ఇంటామె. వైకాసి మొదటి తేదీ సిరసు ఊరేగింపు, ఊరంతా టపాకాయలు. మణి మంచం కింద మూలకు దూరి వణుకుతా ఉంటే ఆమె కూడా పండగకు పోకుండా మంచం పక్కనే నేల మీద పడుకొని, రాత్రంతా దాని వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

పండగైన అయిదో రోజు మణి నీళ్ళు తాగడం మానేసింది. అన్ని నెలలు నీళ్ళ కోసమే బతికిన కుక్క. చట్టి దగ్గరికి ముఖం తీసుకుపోతే చూసి, ముఖం తిప్పేసుకుంది. సీసా ఎక్కించినాను, బుడుపు మరునాటికి కూడా కరగలేదు. క్యాలెండరులో వరసగా తొమ్మిది ఇంటూలు. ఆ రాత్రి మా ఇంటామె తానే, "రేపు డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి" అన్నది. ఆ మాట నేను అనకుండా ఆమె నోట వచ్చేదాకా ఆగినందుకు నాకు తర్వాత కొంచెం ఊరటగా ఉండింది. లేకపోతే జన్మంతా నా మీదే ఉండేది.

డాక్టరమ్మ వేరే ఊరికి పోతా దారిలో మా ఇంటికి వచ్చింది. వాకిట్లో వేపచెట్టు నీడలో లుంగీ పరిచి పడుకోబెట్టినాం. తల నా ఒడిలో ఉంది. మొదటి సూదికే గురక పెట్టింది. రెండో సూది అయినాక గుండె మీద గొట్టం పెట్టి చూసి, అయిపోయింది అన్నది. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఇంట్లో పిల్లలుంటే దాచిపెట్టొద్దు, నిద్రపోయింది అని అబద్ధం చెప్పొద్దు. మా మనవడికి చచ్చిపోయిందనే చెప్పినాం. ఏడ్చినాడు, తర్వాత మన్ను వేసినాడు.

గుంట నాలుగు అడుగుల లోతు తవ్వాలి. లోతు తక్కువైతే వేరే కుక్కలు తవ్వేస్తాయి. బావికి, బోరుకు దూరంగా ఉండాలి. మీ వరసలో అంత జాగా లేకపోతే ముందే ఆలోచించి పెట్టుకోండి, ఆ రోజు వెతుక్కోవడం కష్టం.

మా దగ్గర మూత తీయని సీసాలు నాలుగు, ఒక డబ్బా సూదులు మిగిలినాయి. పళ్ళికొండ దగ్గర ఒక బీడీ కార్మికుల ఇంట్లో పదకొండేళ్ళ కుక్కకు ఇదే జబ్బని ఆస్పత్రిలో తెలిసింది. డాక్టరమ్మను అడిగి, తేదీ దాటలేదని చూపించుకొని వాళ్ళకు ఇచ్చినాను. ఆ ఇంటి ఆయన సూది పట్టుకోవడానికి భయపడుతున్నాడు. వచ్చే ఆదివారం పోయి ఒకసారి చూపించి రావాలి.